ఆరింటిలో ఇది ఎన్నోది?

మా మావయ్య నౌకాదళంలో హెలికాప్టర్ మెకానిక్‌గా చేరి చీఫ్‌గా రిటైరయ్యాడు. కొచ్చిలో వెస్ట్‌లాండ్ సీకింగ్‌ల మీద పని నేర్చుకుని, చివరి ఏళ్ళు విశాఖలో, నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగలో, యూహెచ్-3హెచ్ సీకింగ్‌ల దగ్గర గడిపాడు. నా పని ఇంకోటి. దళాలు విడిచిపెట్టిన హెలికాప్టర్లు ఇప్పుడెక్కడ ఉన్నాయో నంబరు పట్టుకుని ఒక్కొక్కదాన్నీ వెతుకుతాను, నోటుబుక్కులో ఎక్కిస్తాను. మా ఇద్దరి బతుకులూ ఒకే యంత్రం చుట్టూ తిరిగాయి కానీ, దాని గురించి మాట్లాడుకున్నప్పుడల్లా తగువే. మొన్న విశాఖ వెళ్ళినప్పుడు ఆయన్ని బతిమాలి బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాను. కురుసుర జలాంతర్గామినీ, టీయూ-142 విమానాన్నీ జనం ఎగబడి చూసే ఆ రోడ్డులోనే యూహెచ్-3హెచ్ ఒకటి ప్రదర్శనకి వచ్చింది. రిటైరయ్యాక మావయ్య దాని దగ్గరికి రావడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం జరిగిన మాటలివి.

మావయ్య: ఇందాకట్నుంచి చూస్తన్నాను, ఏటమ్మా అలా తోక చుట్టూ తిరుగుతున్నావు?

నేను: నంబరు కోసం మావయ్యా. అమెరికా నౌకాదళం దీనికి మొదట ఇచ్చిన ఆరంకెల నంబరు.

మావయ్య: మన రంగు పడ్డాక వాళ్ళ నంబరు తోక మీద ఎందుకుంటుంది? ఉంటే లోపల డేటా ప్లేటు మీద ఉంటుంది. అయినా అది తెలిస్తే ఏం ఒరుగుతుంది? సీకింగంటే సీకింగే. ఇదిగో, నీళ్ళ మీద దిగినా తేలడానికి పడవ లాంటి పొట్ట. అటొకటి ఇటొకటి స్పాన్సన్లు, వాటిలోకి ముడుచుకునే చక్రాలు. పైన ఐదు బ్లేడ్లు, రెండు టీ-58 ఇంజన్లు. పిల్లలకి ఇది చూపిస్తే చాలు.

నేను: నాకు చాలదు. 2007 జూన్ 22న నార్‌ఫోక్‌లో ‘ట్రెంటన్’ అనే అమెరికా ఓడ మన ‘జలాశ్వ’ అయింది. దాంతోపాటు ఈ రకం హెలికాప్టర్లు ఆరు కొన్నాం, దాదాపు 3.9 కోట్ల డాలర్లు పోసి. 2009 మార్చి 24న ఇక్కడే వాటితో 350వ స్క్వాడ్రన్ పెట్టి ‘సారస’ అని పేరిచ్చారు. 2024 జూన్ 28న డేగలో వీడ్కోలు చెప్పారు. ఆరు వచ్చాయని అందరూ రాశారు. ఏ ఆరు? ఇది ఆరింటిలో ఎన్నోది? మన దగ్గరికి రాకముందు ఎవరిని మోసింది?

మావయ్య: పెళ్ళికూతురికి పుట్టింటి గోత్రం అడుగుతున్నట్టుంది.

నేను: దీని పుట్టింటి పేరే మళ్ళీ మళ్ళీ మారింది, అందుకే అడుగుతున్నాను. యూహెచ్-3హెచ్ అనే పేరుతో ఫ్యాక్టరీ గడప దాటిన హెలికాప్టర్ ఒక్కటీ లేదు. 1959 మార్చి 11న సికోర్‌స్కీ మొదటి నమూనా ఎగిరింది. 1961 నుంచి అమెరికా నౌకాదళంలో హెచ్ఎస్ఎస్-2, 1962లో దాని పేరే ఎస్‌హెచ్-3ఏ, తర్వాత డి రకం. వాటిలో చాలావాటిని మళ్ళీ విప్పి, బాగుచేసి ఎస్‌హెచ్-3హెచ్ అన్నారు. ఇంకొన్నేళ్ళకి జలాంతర్గాముల్ని వెతికే సోనార్ పీకేసి, మనుషుల్నీ సరుకుల్నీ మోయడానికి ఖాళీ చేసి యూహెచ్-3హెచ్ అన్నారు. 2006 జనవరిలో వాళ్ళు చివరి దానికి వీడ్కోలు చెప్పారు. ఆ తర్వాతే మన కొనుగోలు. నేను పుట్టకముందు ఏ పసిఫిక్ సముద్రం మీదో తాడు చివర సోనార్ దించి, గాల్లో నిలబడి చెవొగ్గిన యంత్రం కావచ్చు ఇది. ఆ ఆరంకెల నంబరు ఒక్కటే అన్ని పేర్లలోనూ మారకుండా ఉంటుంది.

మావయ్య: నంబరు మారదు. సరే. మరి నంబరు ఉన్నది దేనికి? నువ్వు దీన్నొక మనిషి అనుకుంటున్నావు. నేను దీని లోపల చెయ్యి పెట్టిన వాణ్ణి. గేర్‌బాక్సుకి ఇన్ని గంటలు అని లెక్క. గంటలు నిండాయా, దించేసి ఇంకోటి ఎక్కించాలి. బ్లేడుకి లెక్క. ఇంజనుకి లెక్క. టెయిల్ రోటరుకి లెక్క. ఒక హెలికాప్టర్ ఇరవై ఏళ్ళు ఎగిరిందంటే, అందులో ఎగిరిన ఇంజన్లు వేరే హెలికాప్టర్లలోనూ ఎగిరాయి. ఇక్కడ పైన కనిపిస్తున్న బ్లేడ్లు ఈ ఒంటివే అని ఎవరు చెప్పగలరు?

నేను: లాగ్ కార్డు చెబుతుంది.

మావయ్య: కార్డు చెబుతుంది, ఒంటికి తెలీదు. పోఖ్రాన్ పరీక్షల తర్వాత, 98లో, అమెరికా ఆంక్షలు పెట్టినప్పుడు కొచ్చిలో మా అవస్థ నీకు తెలీదమ్మా. మన సీకింగ్‌లు బ్రిటన్‌లో వెస్ట్‌లాండ్ కట్టినవే కానీ, వాటిలో భాగాలకి అమెరికా అనుమతి కావాలి. సామాను ఆగిపోయింది. హెలికాప్టర్లు హ్యాంగర్లో నిలబడ్డాయి. అప్పుడేం చేశాం? నిలబడ్డదాన్ని ఊడదీసి ఇంకోదాన్ని ఎగరేశాం. ఈ హైడ్రాలిక్ పంపు దానికి, ఆ యాక్చుయేటరు దీనికి. సముద్రంలో ఓడ ఎదురుచూస్తుంటే, హ్యాంగర్లో ఉన్నదాని నంబరుకి దండం పెడతామా? యంత్రం ఎగిరినంతసేపే యంత్రం. ఆగాక అది సామాను కొట్టు.

ఈ వాదన నేను పుస్తకాల్లో చదివాను కానీ, రాత్రి రెండింటికి టార్చిలైటు పట్టుకుని ఊడదీసిన మనిషి నోట వినడం వేరు. ఆయన చెప్పేది నిజం. అందుకే దానికి జవాబు నా ఊహల్లోంచి కాకుండా, జరిగిన కథలోంచి చెప్పాలనుకున్నాను. సీకింగ్‌లన్నిటిలోకీ పేరుమోసిన దాని కథ ఎత్తుకున్నాను.

నేను: 66వ నంబరు హెలికాప్టర్ తెలుసు కదా నీకు?

మావయ్య: చంద్రుడి మీదికెళ్ళొచ్చిన వాళ్ళని నీళ్ళలోంచి ఎత్తినది. ట్రైనింగులో ఫొటో గోడకుండేది.

నేను: అదే. పక్కన పెద్దగా 66 అని ఉంటుంది. దాని అసలు నంబరు 152711. అపోలో 8, 10, 11, 12, 13. ఐదు యాత్రల వాళ్ళనీ అదే ఎత్తింది. 1969 జూలై 24న ఆర్మ్‌స్ట్రాంగ్‌నీ, ఆల్డ్రిన్‌నీ, కాలిన్స్‌నీ హార్నెట్ ఓడ మీద దించింది అదే. జిమ్ లోవెల్‌ని అయితే రెండుసార్లు మోసింది, అపోలో 8 నుంచి ఒకసారి, చావు తప్పించుకుని వచ్చిన 13 నుంచి ఇంకోసారి. టీవీ ముందు కూర్చున్న ప్రపంచమంతా ఆ అంకె చూసింది. ఇప్పుడు కాలిఫోర్నియాకి వెళ్తే అలమీడాలో హార్నెట్ మ్యూజియం మీద 66 అని రాసిన సీకింగ్ ఒకటుంది. శాన్‌డియాగోలో మిడ్‌వే మ్యూజియం మీద 66 అని రాసిన సీకింగ్ ఇంకోటుంది. చూసినవాళ్ళు ఫొటోలు దిగి, ‘అపోలో హెలికాప్టర్ చూశాం’ అని ఇంటికెళ్తారు. రెండూ కాదది. అసలుది 1975 జూన్ 4 రాత్రి శిక్షణలో శాన్‌డియాగో తీరానికి అవతల సముద్రంలో కూలింది. పైలట్ పోయాడు. హెలికాప్టర్ దాదాపు కిలోమీటరున్నర లోతుకి దిగిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

మావయ్య: పోయినదాని గుర్తుకి ఇంకోదానికి ఆ అంకె రాశారు. తప్పేముంది?

నేను: రాయడం తప్పు కాదు. పక్కన బోర్డు మీద నిజం చెప్పకపోతే తప్పు. ఆ రాత్రి పోయిన పైలట్ కోసం ఎవరైనా వచ్చి ‘ఆయన ఎగిరింది ఇదేనా’ అని అడిగితే, ‘ఇదే’ అని చెప్పగలమా?

మావయ్య: నువ్వు చెప్పని సంగతి ఒకటి నేను చెప్తాను, విను. అపోలో యాత్రలు నడుస్తుండగానే అమెరికా నౌకాదళం అంకెలు మార్చింది, రెండంకెలు తీసి మూడంకెలు చేసింది. 66 కాస్తా 740 అయింది. అయినా వ్యోమగాముల్ని ఎత్తడానికి వెళ్ళే ప్రతిసారీ 740 చెరిపి 66 రాసేవారు. జనానికి ఆ అంకె అలవాటైందని. అంటే నీ అసలు 66 కూడా 66 వేషం వేసుకునే వెళ్ళింది! సముద్రంలో ఉన్నదైనా, మ్యూజియంలో ఉన్నదైనా రంగు డబ్బాలోంచి వచ్చిన అంకే కదా?

ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకి తెలుసునని మాత్రం అనుకోలేదు. గోడ మీది ఫొటో కింద ఎవరో రాసి పెట్టారట. నలభై ఏళ్ళు గుర్తుపెట్టుకున్నాడు. కాసేపు నాకు మాట తోచలేదు.

నేను: నువ్వన్నది నిజమే కానీ, అది నాకే పనికొస్తుంది. పక్కన రాసిన అంకె వేషం. 66 అయినా 740 అయినా లోపలి ప్లేటు మీద 152711 ఉంది. వేషం మారింది కాబట్టే లోపలి నంబరు కావాలి. తోక మీద రాతని నమ్మితే ఒకే హెలికాప్టర్‌ని రెండుగా లెక్కపెడతాం, రెండింటిని ఒకటి చేస్తాం.

మావయ్య: ప్లేటు కూడా నాలుగు రివెట్లతో కొట్టిన రేకు ముక్కేనమ్మా. నాలుగు రివెట్లు తీస్తే ఇంకో ఒంటికి వెళ్తుంది.

నేను: అందుకే ప్లేటొక్కటే చాలదు. లాగ్ పుస్తకం కావాలి. ఫొటోలు కావాలి. పనిచేసినవాళ్ళ మాట కావాలి. మూడూ ఒకదానికొకటి సాక్ష్యం చెబితే అప్పుడు నా పుస్తకంలో సిరాతో రాస్తాను. అంతవరకూ పెన్సిలే. కాలిఫోర్నియాలోనే యోర్బా లిండాలో నిక్సన్ లైబ్రరీ దగ్గర వీహెచ్-3ఏ ఒకటుంది, 150617. కెనెడీ నుంచి ఫోర్డ్ దాకా నలుగురు అధ్యక్షుల్ని మోసింది. 1974 ఆగస్టు 9న రాజీనామా చేసిన నిక్సన్ వైట్‌హౌస్ పచ్చికలో మెట్లెక్కి చేతులు పైకెత్తిన ఫొటో ఉంది చూడు, ఆ మెట్లు దానివే. అలాంటిది అని కాదు, అదే. ఆ ఒక్క మాట కోసం జనం అక్కడికి వెళ్తారు.

మావయ్య: అధ్యక్షుడు ఎక్కాడు కాబట్టి. మరి ఇందులో ఎక్కిందెవరు? తుపాన్లలో బియ్యం బస్తాలు. వేటకెళ్ళి చిక్కుకుపోయిన పడవల వాళ్ళు. తాడు కట్టుకుని దిగే కమాండోలు. ఎవరి ఫొటో ఉంది?

నేను: అందుకే దీని సంగతి మనమే రాసుకోవాలి. అధ్యక్షుడి హెలికాప్టర్‌ని వాళ్ళు ఎలాగూ దాచుకుంటారు.

మావయ్య ఏమీ అనలేదు. హెలికాప్టర్ కుడివైపు నడిచి, కార్గో డోరు ముందు నిలబడ్డాడు. సముద్రం మీంచి గాలి గట్టిగా కొడుతోంది. చెయ్యి పెట్టి ముఖం తుడుచుకుని, ఆ వేళ్ళు నాకు చూపించాడు. జిగట.

మావయ్య: ఇది చూడు. ఉప్పు. నువ్వు నంబర్లు రాసుకుంటూ ఉండు, ఇది దీన్ని తింటూ ఉంటుంది. సముద్రం మీద ఎగిరి వచ్చాక మంచినీళ్ళతో కడిగేవాళ్ళం, ఇంజన్లు కూడా. ఒక్కరోజు కడక్కపోతే మర్నాడు మా చీఫ్ ఊరుకునేవాడు కాదు. అల్యూమినియం రేకు రివెట్టు చుట్టూ తెల్లగా పొడి రాలుతుంది. మెగ్నీషియం కలిసిన పోతభాగాలైతే ఇంకా వేగంగా పుచ్చిపోతాయి. రంగు మీద రంగు వేస్తే బయటికి బానే కనిపిస్తుంది, లోపల అతుకుల్లో నీళ్ళు నిలుస్తాయి. అడుగున నీళ్ళు పోయే కన్నాలు మూసుకుపోతే ఈ పడవ పొట్టే తొట్టి అయిపోతుంది. బీచ్‌కి వందడుగుల్లో ఆరుబయట హెలికాప్టర్ పెట్టడమంటే, దాన్ని కాపాడుతున్నామా, అందరి ముందూ మెల్లగా చంపుతున్నామా?

నేను: మరేం చెయ్యాలంటావు?

మావయ్య: పనికొచ్చే ముక్క ప్రతిదీ తీసి, ఎగిరేవాటికి ఇవ్వాలి. 350లో ఇప్పుడు సీకింగ్ 42సీలు ఉన్నాయి. అన్నీ సరిపోవు, వెస్ట్‌లాండ్ మార్పులు చాలా ఉన్నాయి, కానీ తల్లి ఒకటే. బ్రిటన్ వాళ్ళని చూడు. 2018లో వాళ్ళ నౌకాదళం సీకింగ్‌కి చివరి సలాం కొట్టింది. అయిపోయిందనుకున్నారు. 2022లో మూడింటిని ఉక్రెయిన్‌కి ఇచ్చారు. తర్వాత జర్మనీ వాళ్ళు ఆరిస్తామన్నారు. రిటైరైనవాటిని మ్యూజియాలకి పంచేసి ఉంటే అవి ఎగిరేవా? నీ లెక్కలో బతికున్నవి ఏవి, రోడ్డు పక్కన రంగేసినవా, అక్కడ ఉక్రెయిన్‌లో తిరుగుతున్నవా?

నేను: రెండూ. కానీ ఎగురుతున్నవాటిని కూడా ఎవరో లెక్కపెట్టి, నంబరు రాసి ఉంచబట్టే అవి ఏ హ్యాంగర్లో ఎంత మిగిలి ఉన్నాయో తెలిసింది. నువ్వు చెప్పే ముక్కలు తీసి ఇవ్వడానికైనా ముందు జాబితా కావాలి కదా.

మావయ్య: ఆ జాబితా దళం దగ్గర ఉంటుంది.

నేను: దళం దగ్గర ఉన్నంతకాలం ఉంటుంది. తీసేశాక ఒళ్ళు ఒక దారి, కాగితం ఒక దారి. నేను పదేళ్ళుగా చూస్తున్నది అదే మావయ్యా. ఒళ్ళు దొరుకుతుంది, దాని పుస్తకం దొరకదు. ఎక్కడో పాత పుస్తకం దొరుకుతుంది, అది చెప్పే హెలికాప్టర్ తుక్కులోకి పోయి ఉంటుంది. పాత విమానవాహక నౌక విక్రాంత్ సంగతి చూడు. ఎంత గొడవ చేశారు దాచమని! 2014లో ముక్కలు కొట్టడం మొదలుపెట్టారు, ఆ ఉక్కులో కొంత మోటారుసైకిల్ పెట్రోలు ట్యాంకుల్లోకి పోయింది. విరాట్ అలంగ్‌లో పోయింది. అంత పెద్ద ఓడలకే దిక్కులేనప్పుడు హెలికాప్టర్‌ని ఎవరడుగుతారు?

మావయ్య: అడగాలంటావు, ఎందుకని? నాకది చెప్పు. పూరీ వెళ్ళాం కదా మీ అమ్మా నేనూ, 2015లో, నవకళేబరం ఏడు. జగన్నాథుడి ఒళ్ళే మారుస్తారు. కొత్త వేపమాను తెస్తారు, బ్రహ్మపదార్థం ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి చీకట్లో మారుస్తారు. పాత ఒంటిని ఏం చేస్తారు? కోయిలీ వైకుంఠంలో మట్టి చేస్తారు. గాజు పెట్టెలో పెట్టి ఎవరికీ చూపించరు. దేవుడి పాత ఒళ్ళే దాచుకోనప్పుడు, గంటలు నిండిన రేకు డొక్కు ఎందుకమ్మా? మేం చేసింది కూడా అదే. ఇందులోంచి ప్రాణం తీసి అందులో పెట్టాం.

ఇంత మంచి మాటకి ఎదురు చెప్పాలనిపించలేదు. అయినా చెప్పాను. ఉత్తరాంధ్ర వాళ్ళకి పూరీ పొరుగూరే, ఆ ఏడాది కబుర్లు నేనూ ఇంట్లో విన్నాను.

నేను: మట్టి చేస్తారు, నిజమే. కానీ కొత్త దారువు ఎక్కడ దొరికిందో ఎవరైనా మర్చిపోయారా? జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఖరిపడియా అని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అడవిలో ఏదో ఒక వేపచెట్టు కాదు. గుర్తులు చూసి, వెతికి, ఇదే అని తేల్చుకున్న చెట్టు. ఏ ఊరు, ఏ చెట్టు అన్నది తరతరాలకి రాసి ఉంటుంది. దహనమో, ఖననమో చేసే ముందు ఎవరిదో తెలియాలి. ఈ ఆరింటిలో నువ్వు ప్రాణం తీసి పెట్టినది దేనికి, దేంట్లోంచి? ఆ రెండు నంబర్లు ఎవరైనా చెబుతారా?

మావయ్య చాలాసేపు డోరు వెనకాల రేకు కేసి చూశాడు. ఒంగి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, కిటికీ కింద వేలితో గాల్లోనే గీత గీసినట్టు చూపించి, తల అడ్డంగా ఊపాడు. ఏం వెతుకుతున్నాడో నాకు అర్థం కాలేదు. మేం నిలబడ్డచోట ఒక తండ్రి కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని ఫొటో తీయించుకుంటున్నాడు. వాళ్ళు పక్కకి జరిగేదాకా ఆగి, మళ్ళీ చూశాడు.

నేను: ఏంటి మావయ్యా?

మావయ్య: ఇది కాదు.

నేను: ఏది కాదు?

మావయ్య: ఒకసారి ఓడ మీద ఉండగా సముద్రం బాగా రేగింది. డెక్కు ఊగి, పనిచేసే స్టాండు జారొచ్చి సరిగ్గా ఇక్కడ తగిలింది. డోరు వెనక, రెండో కిటికీ కింద. రేకు నొక్కుకుపోయి పగులిచ్చింది. ఆ పగులు ముందుకు పాకకుండా చివర కన్నం వేసి, కోసి, నేనే ప్యాచ్ వేశాను. అరచెయ్యంత. రెండు వరసలు, 22 రివెట్లు. నేనూ, ఇంకో కుర్రాడు. వాడు లోపల్నుంచి బకింగ్ బారు పట్టాడు. ఎన్ని రంగులు వేసినా అది పోదు, వెలుగు పక్కనుంచి పడితే అంచు కనిపిస్తుంది. దీనికి లేదు. ఇది నాది కాదమ్మా. అది మిగతా ఐదింటిలో ఉంది.

సీకింగంటే సీకింగే అన్న మనిషి ఈ మాట అన్నాడని ఎత్తిచూపాలని నాకు అనిపించలేదు. ఆయన తన మాట మార్చుకోనూ లేదు.

మావయ్య: అలా చూడకు. నేనన్నది అన్నదే. ఆ ప్యాచ్ ఉన్నదాన్ని ముక్కలు తీసి వేరేదానికి పెట్టి ఉంటే నాకు సంతోషమే. కానీ ఏం చేశారో తెలిస్తే బాగుంటుంది.

నేను: నేను పదేళ్ళుగా అడిగేది ఆ ఒక్కటే. తెలిస్తే బాగుంటుంది. గోవాలో, వాస్కో దగ్గర నౌకాదళ విమానాల మ్యూజియంలో సీకింగ్ మార్క్ 42 ఉంది. ఆరుబయట, వానలో. కెనడా వాళ్ళు యాభై అయిదేళ్ళు ఎగరేసి 2018లో ఆపారు, షీర్‌వాటర్‌లో ఒకదాన్ని దాచారు. స్కాట్లండ్‌లో స్టర్లింగ్ దగ్గర ఒక పొలంలో బ్రిటన్ సీకింగ్‌లో మంచాలు వేసి, రాత్రికి అద్దెకిస్తున్నారు.

మావయ్య: పడుకోడానికా?

నేను: అవును. కుటుంబాలు వచ్చి పడుకుంటాయి.

మావయ్య: వాన పడితే లోపల చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పిల్లలు నిద్రపోరు.

నేను: నువ్వయితే ఆ పొలందాన్ని బతికున్న లెక్కలో వేస్తావా, చచ్చిన లెక్కలోనా?

మావయ్య ఆలోచించాడు. ఊరికే కాదు, నిజంగా ఆలోచించాడు.

మావయ్య: ఇంజను ఉందా?

నేను: తీసేశారు.

మావయ్య: అయితే నా లెక్కలో లేదు. నీ లెక్కలో రాసుకో. ప్లేటు ఉంటే.

నేను: ఉంది. నంబరుతో సహా రాశాను.

దీపాలు వెలిగాయి. ఆ వెలుగు కుడివైపు రేకు మీద పడింది. మావయ్య ఇంకోసారి, నిలబడ్డచోటు మార్చి, అడ్డంగా వెలుగు పడేలా చూశాడు. లేదు. తర్వాత నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని, పెన్సిలు అడిగి, నేను ఖాళీగా ఉంచిన పేజీలో ఆయనే బొమ్మ వేశాడు. డోరు, రెండు కిటికీలు, కిటికీ కింద చిన్న చదరం, రెండు వరసల చుక్కలు. చుక్కలు లెక్కపెట్టి 22 అని పక్కన రాశాడు. కింద ‘లోపలివైపు స్టిఫెనర్‌కి కూడా మరమ్మతు’ అని చేర్చాడు. దళం కాగితాలేవీ ఆయన ఇంటికి తెచ్చుకోలేదు, తెచ్చుకోకూడదు కూడా. ఉన్నది ఆ బొమ్మే.

మావయ్య: దీన్నేం చేస్తావు?

నేను: మిగతా ఐదింటిలో ఏదైనా, ఎక్కడైనా, ఏ స్థితిలోనైనా కనిపిస్తే ఈ చోటు చూస్తాను. ప్యాచ్ ఉంటే అది నువ్వు పనిచేసింది. అప్పుడు ప్లేటు చూస్తాను. ప్లేటూ ప్యాచూ రెండూ దొరికితే, ఆ ఓడ మీద మీ డ్యూటీలో ఉన్న హెలికాప్టర్‌కి అమెరికాలో ఏ నంబరో, ఎప్పుడు కట్టారో, ఎక్కడెక్కడ తిరిగిందో దారి దొరుకుతుంది.

మావయ్య: దొరక్కపోతే?

నేను: పెన్సిలుతోనే ఉంటుంది.

ఆయన తలూపి, బజ్జీల బండి వైపు నడిచాడు. బండి దగ్గర కూడా వాదన ఆపలేదు. ఆరుబయట పెట్టకూడదు, కప్పు వెయ్యాలి, కడగాలి, నీళ్ళు పోయే కన్నాలు ప్రతి వానాకాలం ముందూ తెరవాలి. ఈ విషయంలో మాత్రం ఇద్దరం ఒకటే మాట.

ఇది చదివేవాళ్ళలో డేగలో 350లో పనిచేసినవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఉండవచ్చు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా, హైదరాబాదులో, గల్ఫులో స్థిరపడి ఉండవచ్చు. రహస్యాలేవీ అక్కర్లేదు. మీరు వేసిన ప్యాచ్ ఏ హెలికాప్టర్‌కి, ఏ వైపు, ఏ కిటికీ కింద వేశారో, ఎన్ని రివెట్లు కొట్టారో ఒక కాగితం మీద బొమ్మ వేసి, తేదీ రాసి పెట్టండి. మీ దగ్గరున్న ఫొటోల్లో తోక నంబరు కనిపిస్తే దాన్ని కత్తిరించకండి. ఆరు వచ్చాయి. ఒకటి బీచ్ రోడ్డులో ఉంది, దానికి రెండో కిటికీ కింద ప్యాచ్ లేదు.